నూనె డబ్బాకు రెండో చిల్లు

పోయిన శుక్రవారం అంబత్తూరులో మా తమ్ముడి కొడుకు ఇంటికి వెళ్ళాను. వెళ్ళాననడం గొప్పకే. వాడి భార్య సుగుణ కారు పంపించి, నా మోకాళ్ళ కింద దిండు పెట్టించి, పగిలే సామాను తెప్పించుకున్నట్టు జాగ్రత్తగా తెప్పించుకుంది. కాఫీ ఇచ్చి పూజ అలమార చూపించింది. దేవుళ్ళ పటాల నడుమ ఒక వెండి గిన్నె, గిన్నెలో అరచేతిలో పట్టేంత ఇత్తడి మూత. మూతకు పసుపు, పసుపు మీద రూపాయి కాసంత కుంకుమ బొట్టు, బొట్టు పక్కన రెండు మల్లెపూలు. తెలియనివాళ్ళు చూస్తే ఏ అమ్మవారి కిరీటమో అనుకుని చెంపలు వేసుకుంటారు.

"గుర్తు పట్టినారా అత్తా? తాత మోటారు పడవ మూత. ఇది ఇంటికి వచ్చినాకనే ఈయనకు ఫ్యాక్టరీలో ఫోర్మన్ ఉద్యోగం వచ్చింది" అంది సుగుణ. అంతటితో ఊరుకుంటే బాగుండేది. "ఆ మోటారు జబ్బు కనిపెట్టింది మీరేనంట గదా! కాలేజీలో సైన్సు చదువుకుంటా, పెద్ద పెద్ద మేస్త్రీలకు అంతు చిక్కనిది మీరు పట్టేసినారంట. పిల్లలకు ఎప్పుడూ అదే చెప్తుంటా, మీ అవ్వ బుర్రలో సగమన్నా రానీండ్రా అని."

నేను నవ్వాను. ఎవరు ఈ కథ ఎత్తినా నేను ఇలాగే నవ్వుతాను. అబ్బే, అదేం పెద్ద విషయం అన్నట్టుగా, తల కాస్త పక్కకు వంచి. అరవై ఏళ్ళ పైన సాధన చేసిన నవ్వు. ఆ రోజుదాకా బాగానే పనిచేసింది. అప్పుడు మటుకు ఆ బొట్టు కంటపడి నవ్వు సగంలోనే ఆగిపోయింది.

అప్పట్లో మా ఇల్లు చింతాద్రిపేటలో, కూవం ఒడ్డున. ముందు ఇల్లు, వెనక మా నాయన కట్టెల అడితి, దాని వెనక నది. ఆ రోజుల్లో కూవం నీళ్ళు కొబ్బరినీళ్ళలా ఉండేవని నా ఈడు ముసలివాళ్ళు పేపర్లవాళ్ళు వస్తే చెబుతుంటారు. నమ్మకండి. అప్పుడూ కంపే. కాకపోతే మా ఇంటికి ఇంకో నాలుగు వాసనలు తోడుండేవి గనక అదొక్కటే ముక్కుకు తగిలేది కాదు. తడి సవుకు కట్టెల పుల్లటి వాసన, తెల్లవారకముందే వంటింట్లో వేగే కాఫీ గింజల వాసన, మా అవ్వ నశ్యం వాసన, పక్క వీధి నేతపనివాళ్ళు ఆరబెట్టిన నూలు గంజి వాసన. వీటన్నిటి మీదా ఒక ఎండాకాలం పెట్రోలు వాసన వచ్చి కూర్చుంది. ఆ పెట్రోలు సంగతే ఇది.

కట్టెలు మాకు ఉత్తరం నించి కాలవలో వచ్చేవి. సూళ్ళూరుపేట పక్క సవుకు తోపుల్లో నరికి, పడవకెత్తి, గాలి ఉంటే తెరచాపతో, లేకపోతే గెడలతో తోసుకుంటూ, అదీ కాకపోతే గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగుతూ రోజుల తరబడి తెచ్చేవాళ్ళు. మా సొంత పడవకు తండేలు, అంటే పడవ పెద్ద, పోలయ్య. నల్లగా, పొడుగ్గా, వాడి గెడకు వాడే తమ్ముడిలా ఉండేవాడు. వాడు ఎప్పుడు వస్తే అదే వేళ. తొందరన్నది ఆ మనిషి జాతకంలో రాయలేదు. మా నాయనకు అది నచ్చేది కాదు. మా వీధిలో రేడియో మొదట తెచ్చింది ఆయన, కరెంటు ఇస్త్రీపెట్టె మొదట తెచ్చి పంచ మొదట కాల్చుకున్నదీ ఆయనే. కొత్త యంత్రం ఒకటి ఊళ్ళో ఉండి తన ఇంట్లో లేకపోతే ఆయనకు అన్నం సయించేది కాదు. ఒకరోజు, యుద్ధంలో తెల్లవాళ్ళు వదిలేసిపోయిన సామాన్లు అమ్మే అంగడి నించి రిక్షాలో, గోనెపట్టా చుట్టి, పెళ్ళికూతురిని దించినట్టు దించాడు పడవ మోటారును. పడవ వెనక చెక్కకు బిగించి, తాడు లాగితే చాలు, నీళ్ళలో మునిగిన రెక్క గిర్రున తిరిగి పడవ పరిగెడుతుందట. పైన పెట్రోలు తొట్టి, తొట్టికి ఇత్తడి మూత.

మా అవ్వ, అంటే నాయన తల్లి, హారతి పళ్ళెంతో గడపలోనే ఎదురొచ్చింది. ఆమె లెక్కలో ఇంటికి వచ్చిన ఏ వస్తువుకైనా ముఖం ఉండాలి, ముఖానికి బొట్టుండాలి. బీరువాకు తలుపు ముఖం. రుబ్బురోలుకు పొత్రం ముఖం. ఈ మోటారును చుట్టూ తిరిగి చూసింది. అన్నిటికన్నా పైన ఉన్నదీ, గుండ్రంగా మెరుస్తున్నదీ మూత. "ఇదే దీని మొహం" అని తీర్మానించి, మూత నడిమధ్యన తడి పసుపు మెత్తి, దాని మీద కుంకుమ అద్దింది. అందరం దండం పెట్టుకున్నాం. నేనూ పెట్టాను. ఆ మధ్యాహ్నమే కాలేజీలో గాలి పీడనం గురించి పాఠం విని వచ్చానని కూడా ఇక్కడే చెప్పుకోవాలి, తర్వాత దాచినట్టు ఉంటుంది.

అవును, నేను బీచి రోడ్డులో ఆడపిల్లల కాలేజీలో సైన్సు చదువుతుండేదాన్ని. నీళ్ళ గ్లాసు మీద అట్ట పెట్టి బోర్లిస్తే నీళ్ళెందుకు కారవో రెండు పేజీల నిండా రాసి, బొమ్మ గీసి, మార్కులు తెచ్చుకున్నదాన్ని. మా వీధిలో అంతటి చదువు ఇంకెవరికీ లేదని నా నడకలోనే తెలిసేది.

మోటారును మొదట పెరట్లో పెద్ద నీళ్ళ పీపాయిలో దించి నడిపారు. అబ్బ, ఏం నడిచిందనీ! పీపాయి నీళ్ళు సుడులు తిరిగాయి, కోళ్ళు గోడలెక్కాయి. అయిదు నిమిషాలు నడిపి, ఆపి, నాయన చుట్టూ ఉన్నవాళ్ళ ముఖాలు చూశాడు. ఆ వారమంతా ఎవరు ఇంటికి వచ్చినా మజ్జిగతో పాటు మోటారు మోత కూడా మర్యాదగా దొరికేది. తర్వాత మంచి రోజు చూసి పడవకు బిగించి, బరువుతో ఎలా లాగుతుందో చూద్దామని పడవ నిండా కట్టెలు పేర్చి, కూవంలోంచి కాలవలోకి బయల్దేరదీశారు. ఒక ఫర్లాంగు సింహంలా పోయింది. కాలవ మలుపు తిరిగేసరికి గొంతు మారింది. దగ్గింది, ముక్కింది, నీరసపడింది, ఆగింది. తొట్టి ఖాళీ అయిందేమోనని మూత తీసి చూశారు. నిండుగా ఉంది. మూత పెట్టి తాడు లాగారు. మళ్ళీ లేచింది, ఇంకొంచెం దూరం పోయింది, మళ్ళీ పడుకుంది. చివరికి పోలయ్య గెడ తీసుకుని, ఒక్క మాట కూడా అనకుండా, పడవను ఇంటికి తోసుకొచ్చాడు. ఆ అనకుండా ఉండడమే నాయనకు మండిపోయింది.

అప్పుడు రంగంలోకి దిగాడు పెరంబూరు చిన్నాయన. నాయనకు తమ్ముడు, రైలు ఇంజన్లు బాగుచేసే షెడ్డులో ఫిట్టరు. ఆదివారాలు కూడా కాకీ చొక్కాతోనే వచ్చేవాడు, దాన్ని విప్పితే తమ్ముడు తప్ప ఏమీ మిగలడని భయం కాబోలు. ప్రతి యంత్రానికీ స్క్రూడ్రైవరు ఒక కొస ఆనించి, రెండో కొస తన చెవికి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. "ఆఁ, ఆఁ" అనేవాడు. యంత్రం ఆయనతో రహస్యం చెబుతోందని మేమంతా ఊపిరి బిగబట్టేవాళ్ళం. "ఇది లోడు జబ్బు వదినా" అన్నాడు మా అమ్మతో. "ఉత్తప్పుడు బాగుంటాది. బరువు పడితే దమ్ము చాలడం లే. మా షెడ్డులో ఇట్టాంటివి రోజుకు నాలుగు చూస్తుండా."

రోజుకు నాలుగు చూసే మనిషి ఆరు ఆదివారాలు తీసుకున్నాడు. నిజం చెప్పాలి, పని తెలియనివాడు కాదు. నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు తీసి మసి గీకాడు. అప్పటికీ ఆగింది. కొత్త ప్లగ్గు వేశాడు. ఆగింది. కార్బురేటరు విప్పి, అందులో సన్న రంధ్రాలన్నీ గుర్రపు వెంట్రుకతో శుభ్రం చేశాడు. ఆగింది. కింద నీళ్ళు పీల్చే జల్లెడలో నాచు తీశాడు, రెక్కను పట్టి ఉంచే పిన్ను మార్చాడు, పెట్రోలును అవ్వ మడిచీరలో వడగట్టి చీవాట్లు తిన్నాడు. పీపాయిలో దించితే ప్రతిసారీ దివ్యంగా నడిచేది. కాలవ మలుపులో ప్రతిసారీ పడుకునేది. అయితే బరువే ఎక్కువ అని సగం కట్టెలు దింపించాడు. తర్వాత మొత్తం దింపించాడు. తర్వాత మనుషుల్ని ఒక్కొక్కరినీ దింపించాడు. కడపటికి కట్టెల పడవలో కట్టెలు లేకుండా, నాయన లేకుండా, చిన్నాయనా పోలయ్యా ఇద్దరే పోయారు. అప్పుడు కూడా మలుపు దాటిన కాసేపటికి గెడ నీళ్ళలో దిగింది. ప్రతిసారీ మూత తీసి లోపలికి తొంగి చూసేవాళ్ళు, పెట్రోలు ఉందని తృప్తిపడి మూత బిగించేవాళ్ళు. ఇంతమంది మగవాళ్ళు అన్నిసార్లు మూత తీశారు గదా, ఒక్కరూ మూతను చూడలేదు.

ఆగినప్పుడల్లా అవ్వ పూజ పెద్దది చేసేది. మొదటి వారం నిమ్మకాయ, రెండో వారం గుమ్మడికాయ, తర్వాత జ్యోతిష్కుడు చెప్పిన ఎర్రదారం. మూత మీద పాత బొట్టు చెరపడం మంచిది కాదని, దాని మీదే కొత్త పసుపు, దాని మీద కొత్త కుంకుమ. ఎండకు ఆరి, మళ్ళీ తడిసి, మళ్ళీ ఆరి, నెల తిరిగేసరికి గోడకు పూసిన సున్నంలా గట్టిపడింది. దేవుడికి లంచం చాలలేదని అవ్వ నమ్మకం. చాలకపోవడానికి కారణం కూడా ఆమెకు మొదటి రోజే దొరికింది. ఆ కారణం మా కామాక్షత్త.

కామాక్షత్త నాయనకు చెల్లెలు. పదహారేళ్ళకే మొగుడు పోయి పుట్టింటికి తిరిగొచ్చింది. అప్పటినించీ మా వంటిల్లు ఆమెదే. ఆమెది అనడం కూడా తప్పే, ఆమే వంటింటిది. తెల్లవారకముందే కాఫీ గింజలు వేయించడం దగ్గర్నించి అందరి ఎంగిళ్ళూ ఎత్తేదాకా ఆమె చేతులు ఆగేవి కావు, నోరూ ఆగేది కాదు. మమ్మల్ని ఆటపట్టించినట్టు ఇంకెవరూ పట్టించలేదు. నన్ను "ఏం కలెక్టరమ్మా" అని పిలిచేది. నా బారెడు జడను చూసి "నీ మొగుడు దీన్ని పట్టుకుని పడవ కట్టేసుకోవచ్చు" అనేది. నేను అమ్మకు చెప్పని సంగతులన్నీ ఆ పొయ్యి పక్కన పీట మీద కూర్చుని ఆమెకే చెప్పాను. ముఖాన బొట్టు లేదు, చేతికి గాజు లేదు, శుభకార్యానికి ఎదురు రాకూడదు. ఈ మూడూ తప్ప ఆ ఇంట్లో అన్నీ ఆమెకే వదిలేశారు, ముఖ్యంగా చాకిరీ.

పడవ మొదటిసారి బయల్దేరిన రోజు ఆమె నీళ్ళ బిందెతో పెరటి తలుపు దగ్గరకు వచ్చిందట. అవ్వ చూసిందట. రెండోసారి నించి అత్తను వంటింట్లో ఉంచి తలుపు వేశారు. పడవ ఆగింది. మూడోసారి కిటికీ కూడా వేశారు. అయినా ఆగింది. కిటికీ తలుపు సందులోంచి చూసుంటుందని అవ్వ. "చూపు కాదులే అమ్మా, నా ఊపిరి తగిలుంటాది. మూతి కట్టుకోమంటావా?" అంది అత్త. ఆరో ఆదివారం పడవ గెడ మీద తిరిగొచ్చాక, నడవలో అందరూ కూర్చుని ఉండగా, అవ్వ తేల్చేసింది.

"ఇంక దాచేదేముండాది? ఇది ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆ పడవ కదలదు. గూడూరులో దాని బావ అడుగుతానే ఉండాడు, వంటకు మనిషి లేక. మళ్ళీ ఆగిందంటే కామాక్షిని ఆడికి పంపించెయ్."

నాయన కండువా అంచు మడతలు పెడుతూ కూర్చున్నాడు. "సరే, పై వారం సోమవారం ఇంకొక్క తడవ చూద్దాం. నడిచిందా, ఉంటాది. నడవకపోతే నీ ఇష్టం" అన్నాడు. చెల్లెలు తన ఇంట్లో ఉండాలా వద్దా అన్నది మోటారు చెప్పాలి! మంచిమనిషే మా నాయన. ఊళ్ళో అందరూ అనేవాళ్ళు. అత్తకు మొగుడి అన్న, ఆ గూడూరు బావగారి ఇల్లంటే ఏమిటో మాకు తెలియంది కాదు. పద్నాలుగు మంది, మంచాన పడిన అత్తగారు, ఇద్దరు చంటిపిల్లలు, పలకరించేందుకు ఒక్కరూ లేరు.

మరుసటి రోజు పోలయ్య మా వంటింటి వెనక అరుగు మీద అన్నం తింటున్నాడు. అత్త లోపల కొత్త నువ్వుల నూనె డబ్బా తెరుస్తోంది. ఆమెకు దీనికొక పద్ధతి ఉండేది. మూసిన డబ్బా పైన ఒక మూల మేకు పెట్టి రోకలి పిడితో ఒక దెబ్బ, ఎదురు మూల ఇంకో దెబ్బ. ఒక చిల్లులోంచి నూనె వస్తుంది, రెండో చిల్లులోంచి గాలి లోపలికి పోతుంది. ఎవరైనా ఒక్క చిల్లే పెట్టి నూనె గుటగుటమంటూ ఆగి ఆగి వస్తుంటే, ఆమెకు ఒళ్ళు మండేది.

"ఏం పోలయ్యా, నీ మోటారు ఏమంటాది?" అంది.

"ఏమంటాదమ్మా, చిత్రమైన జాతి. మూత తీస్తే లేస్తాది, మూత పెడితే కొంచెం దూరం పోయి పడుకుంటాది. ఎంత బిరుసుగా తోలితే అంత బిరీన పడుకుంటాది. మెల్లంగా పోతే ఇంకొంత దూరం పోతాది. నాకయితే దానికి ఊపిరాడనట్టు ఉండాది."

అత్త చేతిలో రోకలి ఆగిపోయింది. డబ్బా వైపు చూసింది. మేకు తీసి రెండో చిల్లు మీద బొటనవేలు అదిమి, డబ్బా వంచింది. నూనె దారగా వచ్చింది, సన్నబడింది, గుటక వేసింది, ఆగింది. వేలు తీసింది. మళ్ళీ దార. ఆమె నవ్వడం మొదలుపెట్టింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, భుజాలు ఎగరేస్తూ, కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వింది.

"కలెక్టరమ్మా, లే. పోయి చూసొద్దాం పా."

మగవాళ్ళంతా భోజనాలు చేసి పడుకున్న వేళ. మోటారు పెరట్లో పీపాయి మీద వేలాడుతోంది. అత్త దాని దగ్గరకు రావడం అదే మొదలు. మూత విప్పి, బోర్లించి లోపలి పక్క చూపించింది. నడిమధ్య ఆవగింజంత రంధ్రం. పై పక్కకు తిప్పింది. అక్కడ ఆరు వారాల పసుపూ కుంకుమా. లోపల్నించి చీపురుపుల్ల పెట్టి పొడిచింది, విరిగింది. నా జాకెట్టుకున్న పిన్నీసు అడిగి తీసుకుని, పళ్ళు బిగించి తవ్వింది. ఎర్రటి పొడి ఆమె తెల్లచీర మీద రాలింది. మూతను పెదవులకు ఆనించి ఊదింది. అవతలి పక్క నా అరచేతికి గాలి తగిలింది.

"పెట్రోలు కిందికి పోవాలంటే పైనించి గాలి రావాలి గదే. పీపాయిలో సుమ్మా, ఊరికే తిరిగేటప్పుడు చుక్క చుక్క తాగుతాది, సరిపోతాది. బరువు లాగాలంటే గుక్క గుక్క తాగాలి. గాలి రాకుంటే యాడ తాగుతాది పాపం? ఇంతమంది ఇంజనీర్లు! వంటింట్లో ఒక్క డబ్బా తెరిచి ఉంటేనా!"

నాకు ముఖం వేడెక్కింది. బోర్లించిన గ్లాసు, దాని మీద అట్ట, నా రెండు పేజీల జవాబు, చక్కటి బొమ్మ, అన్నీ గుర్తొచ్చాయి. ఆరు వారాలు ఆ మూతకు దండం పెట్టాను.

"పా అత్తా, నాయనకు చెబుదాం" అన్నాను.

"నేను చెప్పినానని చెప్పబాక. నేనంటే, దాన్నేల ముట్టుకున్నావని మీ అవ్వ పీపాయితో సహా కడిగిస్తాది. చిన్నాయనకు రోషం వచ్చి ఆ చిల్లుకు ఈయం కరగబెట్టి పోసి మూసినా మూస్తాడు. నీ పుస్తకంలో ఉండాదని చెప్పు. ముందు పడవ నడవనీ. నడిస్తే నేను ఈడే ఉంటా గదా, తీరిగ్గా చెప్పుకోవచ్చు."

చెప్పాను. గాలి పీడనం అన్నాను, శూన్యం అన్నాను, తెలుగులో సరిపోదని ఇంగ్లీషులో కూడా అన్నాను. చిన్నాయన స్క్రూడ్రైవరుతో చెవి గోక్కుని, "సైన్సు వేరు, మిషను వేరమ్మా" అన్నాడు. నాయన మాత్రం నన్ను ఎగాదిగా చూసి, సరే చూద్దామన్నాడు. సోమవారం పొద్దున పడవ నిండా కట్టెలు పేర్చారు. వంటింటి తలుపు, కిటికీ మూశారు. అవ్వ పళ్ళెం పట్టుకుని వచ్చి, శుభ్రంగా మెరుస్తున్న మూతను చూసి కెవ్వుమంది.

"ఎవురే బొట్టు చెరిపింది? బోడిమొహంతో బయల్దేరతాదా పడవ? ఒకరు చాలరా ఇంట్లో!"

తలుపు వెనక అంట్ల చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది. నేను మూతను రెండు చేతులతో కప్పుకుని నిలబడ్డాను. అవ్వకూ నాకూ పెద్ద వాదన. కడకు మోటారు ముఖం మూత కాదు, ముందున్న పిడి అని ఒప్పించాను. అవ్వ పిడికి బొట్టు పెట్టింది. పోలయ్య తాడు లాగాడు. మేమంతా గట్టు వెంట నడుస్తూ, తర్వాత పరిగెడుతూ చూశాం. మలుపు వచ్చింది. మోటారు గొంతు మారలేదు. పడవ నిండు బరువుతో కాలవలోకి తిరిగి, రైలు వంతెన కింద దూరి, అవతలికి పోయి కనపడకుండా పోయింది. పోలయ్య గెడ పడవలో అడ్డంగా పడి ఉంది. నాయన ఏడ్చాడు. నిజంగానే, కండువాలో ముఖం పెట్టుకుని.

ఇంటికొచ్చాక నడవలో నలుగురి ముందూ నన్ను పిలిచి, ఇంత బెల్లంముక్క నా నోట్లో పెట్టాడు. "నా బిడ్డరా! సైన్సు! నువ్వు చెవి పెట్టి ఆరు వారాలు విన్నావు, నా బిడ్డ పుస్తకం తెరిచి చెప్పింది" అన్నాడు తమ్ముడితో. చిన్నాయన ముఖం చూడ్డానికి నాకు ఎంత ఆనందంగా ఉందంటే, ఇప్పటికీ నాలుక మీద తీపి తెలుస్తుంది. అప్పుడు అవ్వ నశ్యం డబ్బీ మూసి, అంది.

"సైన్సా! శనివారం నేను గూడూరికి జాబు రాయించి పోస్టులో వేయించినా. అది పోతుండాదని తెలిసింది, శని కదిలింది, పడవ నడిచింది. బుధవారం రైలుకు పంపించెయ్. ఉంచినావంటే మళ్ళీ ఆగుతాది, చూసుకో."

నడిస్తే ఉంటాదన్న నాయన ఆ మాట మరిచిపోయాడు. పడవ ఎంత వేగంగా పోయిందో చెప్పడంలో మునిగి ఉన్నాడు. "అట్టనే కానీలే" అన్నాడు. నేను నోరు తెరవాలి. మోటారు బాగుచేసింది అత్త. మూడంటే మూడు మాటలు. నోట్లో బెల్లం ఉంది. మింగాక చెబుదామనుకున్నాను. మింగేలోపల పక్కింటివాళ్ళు వచ్చారు, నాయన మళ్ళీ మొదట్నించి నా సైన్సు కథ ఎత్తుకున్నాడు, నేను తల కాస్త పక్కకు వంచి నవ్వాను. ఈ నవ్వు అప్పుడే పుట్టింది.

సోమవారం చెప్పలేదు. మంగళవారం అత్త నన్ను చూసి, చెప్పావా అని అడగలేదు. బుధవారం రేకుపెట్టెతో గుర్రబ్బండి ఎక్కేటప్పుడు అమ్మతో అంది, "నూనె డబ్బాకు రెండో చిల్లు మరవబాకండి." బండి కదిలాక నేను లోపలికి పోయి ఆ పొయ్యి పక్కన కూర్చుని ఏడ్చాను. ఏడవడానికి ధైర్యం అక్కర్లేదు గదా.

చాలా ఏళ్ళకు, నా పెళ్ళయ్యాక, ఒకసారి గూడూరులో చూశాను. సగం అయిపోయింది మనిషి. పొయ్యి అదే, జనం మారారు. క్షమాపణ లాంటిదేదో మొదలుపెడితే అడ్డుకుంది. "పడవ నడిచిందా లేదా? అదీ లెక్క. ఈడా ఉండారులే మీ చిన్నాయన లాంటోళ్ళు. డబ్బాకు ఒకటే చిల్లు పెట్టి, నూనె మంచిది కాదంటారు" అని నవ్వింది. నేను ఊరికి తిరిగొచ్చాను. ఆ తర్వాత ఆమె పోయిన సంగతి పోస్టుకార్డు మీద తెలిసింది.

మోటారు ఎక్కువ కాలం నడవలేదు. కట్టెలు లారీల్లో రావడం మొదలైంది, కాలవ పూడింది. మోటారును అమ్మేటప్పుడు అవ్వ మూత మటుకు ఇవ్వనంది, అది ఇంటి లక్ష్మి అట. కొన్నవాడు తొట్టికి గుడ్డ కట్టుకుని పోయాడు. పిడికి పెట్టిన బొట్టు వాడితో పోయింది, మూత మీద బొట్టు మళ్ళీ మా ఇంట్లో మొదలైంది.

ఇప్పుడు ఎంత మారిందో చెప్పుకోవాలిగా. మా ఆయన పోయి పదకొండేళ్ళు. నేను రోజూ స్టిక్కరు బొట్టు పెట్టుకుంటాను, సుగుణ వరలక్ష్మీ వ్రతానికి నన్నే ముందు కూర్చోబెడుతుంది, ఎవరూ ఏమీ అనరు. లోకం బాగుపడిందని వేదికలెక్కి చెప్పాను కూడా, చప్పట్లు కొట్టారు. ఆ బాగుపడిన లోకంలో, ఇంజనీరింగు చదివిన సుగుణ ప్రతి శుక్రవారం ఆ చిల్లును బుద్ధిగా మూస్తోంది. ఇంటిల్లిపాదీ ఆ మూతకు దండం పెట్టి ఆఫీసులకు పోతున్నారు.

ఆ శుక్రవారం కాఫీ గ్లాసు కింద పెట్టి, మూతను చేతిలోకి తీసుకున్నాను. చీరకున్న పిన్నీసు తీశాను. సుగుణ "అయ్యో అత్తా, ఏం చేస్తుండారు?" అంటుండగానే నడిమధ్య తవ్వాను. చాలాసేపు పట్టింది. కుంకుమ పొడి నా ఒళ్ళో రాలింది. చిల్లు తెరుచుకుంది.

"మోటారు బాగుచేసింది నేను కాదు. మా కామాక్షత్త" అన్నాను.

బెల్లం కరగడానికి ఇన్నేళ్ళు పట్టింది.

సుగుణ నా ముఖం కేసి, మూత కేసి చూసింది. "కామాక్షత్త అంటే ఎవరత్తా? ఈయన ఎప్పుడూ చెప్పలేదే. ఫోటో ఏమన్నా ఉందా? పటం కట్టించి ఈడనే పెడదాం."

"లేదమ్మా" అన్నాను. "ఎదురొస్తే ముఖం తిప్పుకునేవాళ్ళం. ఫోటో ఎవరు తీస్తారు?"

మళ్ళీ బొట్టు పెడదామని తీసిన కుంకుమ భరిణెను సుగుణ మూసేసింది.